మనిషన్నవాడు అలా నడవడట

ఆ వీడియో గురించి ఇంకా కొట్టుకు చస్తూనే ఉన్నారు. ఇంటర్నెట్టులో ఒకడు అది యౌవీయే అంటాడు, ఇంకొకడు బొచ్చు సూటు తొడుక్కున్న దొంగవెధవ అంటాడు. ఇద్దరిదీ తప్పే. అందులో ఉన్నది మా నాయన.

యౌవీ అంటే ఆస్ట్రేలియా అడవుల్లో తిరుగుతుందని చెప్పుకునే కోతిమనిషి. వైటూకే రోజుల్లో నేను సిడ్నీలో ఉండేవాణ్ణి. కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం నా కాంట్రాక్టు పని. మా టీమ్ లీడ్ అక్కడివాడే. మంచివాడే, కానీ యౌవీ పిచ్చి. ఆదివారమొస్తే చాలు, కెమెరా పట్టుకుని బ్లూ మౌంటెన్స్ కొండల్లో కాపు కాసేవాడు. ఫలానా లోయ చూడదగ్గదని అతను చెబితేనే, ఊరినుంచి వచ్చిన నాయనను ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లాను.

ఒకటే చలి. నేను కొనిచ్చిన జాకెట్టును కారులోనే పడేసి, నాయన తన నల్ల గొంగడి తలమీదుగా కప్పుకున్నాడు. లోయలో తాటిచెట్టులాంటిది కనబడిందో లేదో, ఇక ఆగలేదు. నలభై ఏళ్లు తాళ్లెక్కి కల్లు గీసినవాడు మరి! కంపల్లో పడి వెళ్లి, దాన్ని తట్టి చూసి, తిరిగొచ్చాడు.

"తాడి లెక్కనే ఉన్నది గని తాడి కాదు బిడ్డా. ఇంత మంచి చెట్టు, దండుగ," అన్నాడు.

బుధవారం లంచ్‌లో టీమ్ లీడ్ మీటింగ్ రూముకు అందర్నీ పిలిచి టీవీలో క్యాసెట్ పెట్టాడు. ఆ ఆదివారమే ఎదుటి కొండమీంచి తీశాడట. పదకొండు సెకన్లు. చెట్ల మధ్య నల్లగా, బొచ్చుగా ఒక ఆకారం మనకు వీపు పెట్టి నడిచిపోతోంది. మోకాళ్లు ఎడంగా, నడుం వంగి. రెండడుగులు చూసేసరికి గుర్తుపట్టాను. చిన్నప్పుడు ఆ నడక వెనకాలే బడికి పోయాను.

కొందరు సూటు వేసుకున్న మనిషే అన్నారు. టీమ్ లీడ్ బొమ్మ ఆపి వేలు పెట్టి చూపించాడు. "ఆ మోకాళ్లు చూడండి. మనిషన్నవాడు ఇలా నడవడు."

నేను నోరు విప్పలేదు. ఎందుకంటే, ఆ గదిలో కోస్తా నుంచి వచ్చిన తెలుగాయన ఒకరున్నారు. "నాన్నగారు ఏం చేస్తారండీ?" అని ఆయన మొదటిరోజే అడిగితే "వ్యవసాయం" అన్నాను. మనవాళ్లు ఆ ప్రశ్న ఎందుకడుగుతారో తెలియనిదెవరికి? గీత పని అంటే కులం తెలిసిపోతుంది. నాయన కోతిమనిషైనా ఫరవాలేదు గానీ, కల్లుగీసేవాడని మాత్రం తెలియకూడదనుకున్నాను. థూ, నా బతుకు!

మరుసటి వారం టీమ్ లీడ్ నడక చూసి అది ఏ జీవో చెప్పే నిపుణుడొకాయన్ని పట్టుకొచ్చాడు. ఆయన తెరమీద నాయన కాళ్ల వెంబడి స్కేలు పెట్టి కొలిచి, "ఇది మనిషి జాతి కాదు," అని తేల్చేశాడు. చప్పట్లు కొట్టారు. తెలుగాయన నా చెవి దగ్గర వంగి, "ఏం జంతువండీ బాబూ, చూస్తేనే అసహ్యమేస్తోంది," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచాను.

"అది మనిషే. మా నాన్న. నలభై ఏళ్లు రోజూ చెట్టెక్కితే మోకాళ్లు అలాగే అవుతాయి," అన్నాను ఇంగ్లీషులో. తర్వాత తెలుగాయన వైపు తిరిగి, "మా నాయన కల్లు గీస్తడు సార్. ఎవుసం అని మీతోని అబద్ధం చెప్పిన," అన్నాను. ఆయన చేతిలో కాగితాలు తిరగేయడం మొదలుపెట్టారు.

టీమ్ లీడ్ ముఖం వాడిపోయింది. అయినా నమ్మలేదు. "అయితే రేపు ఆఫీసుకు తీసుకురా, మేట్. ఈ కారిడార్‌లో నడిపిద్దాం. ఆయనా, వీడియోలోదీ ఒకేలా నడిస్తే నేనే ఒప్పుకుంటాను," అన్నాడు. నా కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది అతని చేతిలోనే ఉంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

నాయనకు చెబితే నవ్వుకుంటూ వచ్చేవాడే. ఎన్నిసార్లు నడవమంటే అన్నిసార్లు నడిచేవాడు.

"తీసుకురాను," అన్నాను. "నడిచి చూపిస్తేనే మనిషని ఒప్పుకుంటానంటే, మీ ఒప్పుకోలు మా నాయనకు అక్కర్లేదు."