సగం మాత్ర

మా అమ్మ తోడబుట్టిన అక్కని వీధి వీధంతా మరకల పెద్దమ్మ అంటారు. వినడానికి తిట్టులా ఉంటుంది గానీ అది బిరుదే. ఆవిడకీ మా పెదనాన్నకీ బట్టలు శుభ్రం చేసే దుకాణం ఉంది. ముందు గదిలో కౌంటరు, దాని వెనక ఇస్త్రీ బల్ల, ఇంకా వెనక ఉతికే యంత్రాలు, మేడమీద కాపురం. ఇస్త్రీ పెదనాన్నది, మాటలు పెద్దమ్మవి. ఈ పంపకం పెళ్ళైన కొత్తలోనే జరిగిపోయిందనీ, అందులో తనకి రావలసిన వాటా ఇంకా రాలేదనీ ఆయన అప్పుడప్పుడు గొణుక్కుంటాడు. నేను పక్కనే కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. మధ్యాహ్నం భోజనం వాళ్ళతోనే.

మరకలతో వచ్చేవాళ్ళు ఎంత అబద్ధాలకోరులో ఆ దుకాణంలో కూర్చుంటే తెలుస్తుంది. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టుంటాయి వాళ్ళ కథలు. పెద్దమ్మ కొత్తగా పనిలోకి దిగిన రోజుల్లో ఒకాయన తెల్ల చొక్కా తెచ్చి, కాలరు కింద గోధుమరంగు మరక చూపించి, కాఫీ ఒలికిందన్నాడట. కాఫీ కదా అని ఈవిడ వేడినీళ్ళలో పెట్టింది. తీరా చూస్తే అది ఎండిన నెత్తురు. నెత్తురు మరకకి వేడి తగిలిందా, ఇక బట్టని పట్టుకుని వదలదు. సొంత తమ్ముడితో కొట్లాడి ముక్కు పగలగొట్టించుకున్న సంగతి చెప్పడానికి ఆయనకి సిగ్గేసింది. ఆయన సిగ్గు దక్కింది, చొక్కా పోయింది.

అప్పటినుంచి పెద్దమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. బట్ట తెచ్చిన మనిషి నసుగుతున్నాడంటే ముందు తను కట్టుకున్న ఏప్రన్ పైకెత్తి చూపిస్తుంది. దాని నిండా ఎన్నటికీ పోని మరకలే. “ఇదిగో, ఇది సిరా, సీసా మూత నేనే బిగించలేదు. ఇది తుప్పు. తెలివితక్కువగా దానిమీద బ్లీచ్ పోసింది కూడా నేనే. నాది చూశావుగా, ఇక నీది చెప్పు. ఎలా పడిందో నాకొద్దు నాయనా, ఏం పడిందో చెప్పు చాలు.”

మరకలు తీసే మనిషి ఒంటిమీదే మరకలు చూసేసరికి ఎంతటివాళ్ళైనా మెత్తబడతారు. కొందరు ఏం పడిందో చెప్పి ఊరుకోరు, ఎలా పడిందో కూడా మొదలుపెడతారు. అప్పుడు పెదనాన్న ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ వింటాడు.

వాళ్ళకి పిల్లల్లేరు. దొరసాని ఉంది. బూడిదరంగు ఆడపిల్లి. వానకి తడిసి ఉతికే యంత్రం వెనక దూరింది, ఆరాక వెళ్తుందనుకుంటే ఆరింది గానీ వెళ్ళలేదు. అప్పుడే ఇస్త్రీ చేసిన వెచ్చటి బట్టలు తప్ప వేరే చోట కూర్చోదు కాబట్టి ఆ పేరు. పెదనాన్న చొక్కా మడతపెట్టి అటు తిరిగితే చాలు, దాని మీద దొరసాని. ఆయన ఒక్కరోజూ దాన్ని కసురుకోలేదు. మళ్ళీ దులిపి మళ్ళీ ఇస్త్రీ చేసేవాడు. ఇంట్లో తన మాట వినేది అదొక్కటేనని ఆయన నమ్మకం. అది కూడా వినేది కాదు.

ఫోనులో పిల్లుల్ని పెంచేవాళ్ళ గ్రూపొకటి ఉందని తెలిసి పెద్దమ్మ అందులో చేరింది. దొరసాని ఫొటోలు పెట్టేది. చొక్కాల మీద దొరసాని, దుప్పట్ల మీద దొరసాని. చూసినవాళ్ళంతా ఎర్రటి హృదయాలు గుప్పించేవాళ్ళు. “మనింటి మనుషులకన్నా నయమే వీళ్ళు” అని మురిసిపోయేది. నేను అవునంటే గొడవ, కాదంటే గొడవ అని నవ్వి ఊరుకునేదాన్ని.

ఒకరోజు భోజనానికి వెళ్ళేసరికి దొరసాని బట్టల మీద లేదు. కౌంటరు కింద నేలమీద ముడుచుకుని ఉంది. మొహం ఉబ్బింది. నోరు తెరిచి ఆయాసపడుతోంది. పెదనాన్న ఒకే చొక్కాని మళ్ళీ మళ్ళీ రుద్దుతున్నాడు. పెద్దమ్మ దాని పక్కన నేలమీద కూలబడి ఉంది. కౌంటరు దగ్గర మనిషొచ్చి నిలబడినా లేవలేదు.

“ఏమైంది పెద్దమ్మా?”

“ఏమోనే. పొద్దున లేచేసరికే వాడిపోయి ఉంది. చెవులు కాలిపోతున్నాయి.”

“ఏమన్నా పెట్టావా?”

“ఏం పెడతాను? ఏం పెట్టలేదు.” నా మొహం చూడకుండా అంది.

పిల్లిని తువ్వాలులో చుట్టుకుని టాక్సీ ఎక్కాం. డాక్టరు చిరునామా వెతకడానికి ఆవిడ ఫోను తీసుకున్నాను. తెరవగానే గ్రూపే కనిపించింది. పెద్దమ్మ పొద్దెక్కాక పెట్టిన ప్రశ్న: “మా దొరసానికి ఒళ్ళు వేడిగా ఉంది, ఏమీ తినట్లేదు, ఇప్పుడు మొహం ఉబ్బింది. ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు చెప్పండి.”

దాని కింద జవాబులు. జవాబులు అనకూడదు, రాళ్ళు. “ఇక్కడ అడిగే బదులు డాక్టరు దగ్గరికి పోవచ్చుగా, ఆమాత్రం తెలీదా?” అని ఒకరు. “చూసుకోవడం చేతకానప్పుడు పెంచడం ఎందుకు, ఫొటోలకా?” అని మొన్న హృదయం పెట్టినావిడే. “పాపం ఆ మూగజీవి, ఎవరి చేతిలో పడిందో” అని ఫొటోలో నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన. మొహానికి బదులు చామంతిపువ్వు బొమ్మ పెట్టుకున్న ఒకావిడ అందరికన్నా ఘాటుగా రాసింది: “ఏం మింగించారో ముందు అది చెప్పండి. మనుషుల జ్వరం మాత్ర పిల్లికి విషం. మీలాంటివాళ్ళే అవి వేసి చేజేతులా చంపుకుంటారు.” దానికింద పెద్దమ్మ జవాబు: “నేనేమీ వెయ్యలేదండీ.” అంతే. ఆ తర్వాత ఆవిడ ఏమీ రాయలేదు. వాళ్ళు మాత్రం రాస్తూనే ఉన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. గట్టుమీద కూర్చున్నవాళ్ళకి మునిగేవాళ్ళ ఈత ఎప్పుడూ తప్పుగానే కనిపిస్తుంది. ఒక్కొక్కళ్ళకీ తలంటి పోద్దామని రాయబోతుంటే పెద్దమ్మ ఫోను లాక్కుంది.

“వద్దే.”

“నువ్వేం చేశావని పడాలి?”

ఆవిడ తువ్వాలులో చెయ్యి పెట్టి పిల్లి కడుపు పట్టుకుని, అది ఊపిరి తీసినప్పుడల్లా తనూ తీస్తోంది.

పశువుల డాక్టరమ్మ నాకన్నా చిన్నదే. దొరసాని పెదవి పైకెత్తి చూసింది. చిగుళ్ళు గులాబీరంగులో ఉండాల్సినవి మట్టిరంగులోకి తిరిగాయి. డాక్టరమ్మ మొహం మారింది.

“ఇంట్లో మందులేమన్నా వేశారా అమ్మా? మాత్రలూ అవీ?”

“లేదు” అంది పెద్దమ్మ.

“తనంతట తను ఏమన్నా నాకి ఉంటుందా?”

“మా దుకాణంలో మందులుంటాయి. బట్టలవి. నాకిందేమో.”

డాక్టరమ్మ తల పంకించింది. ఆ దారిన ఆలోచించడం మొదలుపెట్టింది. ఏ మందులు, ఏ రంగు సీసాలు, మూతలు పెట్టి ఉంటాయా అని నన్ను అడుగుతోంది. నేను నిజాయితీగా అన్నీ చెప్తున్నాను. నెత్తురు తీసి పరీక్షకి పంపుతాననీ, ఏం విషమో తేలకుండా విరుగుడు ఇవ్వలేననీ, ఈలోగా ఊపిరికి ఇబ్బంది లేకుండా చూస్తాననీ అంది. పరీక్ష తేలేదాకా ఇది ఆగుతుందా అని అడిగాను. ఆవిడ గాలి గొట్టం సర్దుతోంది.

పెద్దమ్మ కళ్ళు మాత్రం డాక్టరమ్మ తెల్లకోటు మీద ఉన్నాయి. జేబు కింద అరచెయ్యంత గోధుమరంగు మరక. ఎంత కష్టంలో ఉన్నా అలవాటు అలవాటే కదా. నోరు దానంతటదే అడిగేసింది.

“అదేం పడిందమ్మా?”

డాక్టరమ్మ కిందికి చూసుకుంది. “ఇదా? అయోడిన్. మూత సరిగ్గా పెట్టకుండా సీసా జేబులో వేసుకున్నా. నా తప్పే” అని, మళ్ళీ గొట్టం సర్దుకుంది.

నా తప్పే. టైమెంతంటే చెప్పినంత తేలిగ్గా అంది. పెద్దమ్మ ఆ కోటు వంక చూసింది, కౌంటరు దగ్గరనుంచి అలాగే వచ్చేసింది కాబట్టి ఒంటిమీదే ఉన్న తన ఏప్రన్ వంకా చూసుకుంది. ఎంతమందికి దాన్ని ఎత్తి చూపించి ఎన్ని నిజాలు రాబట్టిందో.

“మాత్ర వేశానమ్మా” అంది. “జ్వరం మాత్ర. సగం. వెన్నలో కలిపి నాకించాను. మా ఆయన బట్టలివ్వడానికి బయటికెళ్ళినప్పుడు. నాకు జ్వరమొస్తే అదే వేసుకుంటాను, దానికీ తగ్గుతుందనుకున్నా. అది విషమని తర్వాత తెలిసింది. తెలిసాక నోరు రాలేదు.”

నేను బిత్తరపోయాను. కోపమూ వచ్చింది, అబద్ధం చెప్పొద్దూ. నాతో కూడా దాచింది. నోరు తెరవబోయాను గానీ డాక్టరమ్మ నాకు సందివ్వలేదు.

“ఎప్పుడు వేశారు?”

“దుకాణం తియ్యకముందు.”

“మాత్ర పేరు?”

పెద్దమ్మ చెప్పింది. డాక్టరమ్మ అప్పటికే అలమారు తెరిచి సీసా తీస్తోంది. “చెప్పి మంచిపని చేశారు. దీనికి విరుగుడుంది” అంది. అంతకు మించి ఒక్కమాట అనలేదు. అనకపోయేసరికే పెద్దమ్మ గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తిట్లకి ఏడవని మనిషి.

దొరసాని చావు తప్పి కన్ను లొట్టపోయి ఇంటికొచ్చింది. చాలారోజులు లేవలేకపోయింది. పెదనాన్నకి సంగతంతా చెప్పాక ఆయన “నన్నడిగినా అదే వెయ్యమనేవాణ్ణి” అన్నాడు. ఆయన జన్మలో అంతకన్నా మంచిమాట అనలేదని నా అభిప్రాయం. ఆ తర్వాత ఒక దుప్పటి వెచ్చగా ఇస్త్రీ చేసి మరీ దానికోసం పరిచాడు.

గ్రూపులోంచి బయటికొచ్చెయ్యమని నేను పోరాను. “పిల్లి శాపాలకి ఉట్లు తెగుతాయా, పోనీ పెద్దమ్మా” అన్నాను.

“నాకు కావలసిన నిజం అక్కడే దొరికిందే” అంది. “జ్వరం మాత్ర విషమని చెప్పింది ఆ చామంతిపువ్వావిడే. చెప్పిన మాట నిజం. వేడినీళ్ళతో చెప్పింది. నాలో సిగ్గు గట్టిపడిపోయింది. ఆవిడ ఇంకోలా అడిగుంటే ఆ నిమిషమే పరిగెత్తేదాన్ని.”

నేను ఆలోచనలో పడ్డాను. కోపంతో చెప్పినా నిజం నిజమే అని మనమంతా అంటాం. కానీ తిట్టు ముందొచ్చి నిజం తర్వాతొస్తే, మనిషి తిట్టుకి తలుపేసుకుంటాడు. నిజం బయటే ఉండిపోతుంది. ఆ రోజు ఆ తలుపు బయట ఉన్నది దొరసాని ప్రాణం.

ఈమధ్య ఎవరో ఒకాయన గ్రూపులో, తన పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తోందని, ఏం చెయ్యాలో చెప్పమని అడిగాడు. రాళ్ళు మొదలయ్యాయి. పెద్దమ్మ కౌంటరు దగ్గర కళ్ళజోడు సవరించుకుని ఒంటివేలితో రాసింది. నేను పక్కనే ఉన్నాను. “నేను మా దొరసానికి నా చేత్తో జ్వరం మాత్ర వేశాను. ఇక్కడ అడిగితే వెయ్యలేదని అబద్ధం చెప్పాను. డాక్టరుకి నిజం చెప్పాకే అది బతికింది. మీరేం చేశారో మాకెవరికీ చెప్పక్కర్లేదు. ఎలా జరిగిందో వద్దు. వెంటనే వెళ్ళి ఏం పడిందో డాక్టరుకి చెప్పండి.”

కాసేపటికి ఆయన “చెప్పేశానండీ, డాక్టరు దగ్గరే ఉన్నాం” అని రాశాడు. పెద్దమ్మకి పడాల్సినవి పడ్డాయి. హంతకురాలన్నారు, అబద్ధాలకోరన్నారు. రెండోది నిజమేనంది. చామంతిపువ్వావిడ మాత్రం ఆ రాళ్ళలో కనిపించలేదు.

మర్నాడు మేం భోజనాలు ముగిస్తుంటే ఫోను మోగింది. గ్రూపులో కాదు, విడిగా వచ్చింది. చామంతిపువ్వు.

“నేనూ వేశానండీ. ఒకటి పూర్తిగా వేశాను. డాక్టరు అడిగితే లేదన్నాను. మాది బతకలేదు. ఈ సంగతి మా ఇంట్లో కూడా ఎవరికీ తెలీదు.”

పెద్దమ్మ చదివి ఫోను నా చేతికిచ్చింది. నేను చదివాను. ఆ రోజు టాక్సీలో నేను తలంటి పోద్దామనుకున్నది ఈ మనిషికే. పెద్దమ్మ ప్రశ్న కింద ఆవిడ తిట్టినది ఎవరినో అప్పుడర్థమైంది.

పెద్దమ్మ ఫోను వెనక్కి తీసుకుని, తడిచెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుని రాసింది.

“దాని పేరేంటమ్మా?”

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చింది పేరొక్కటే. పెద్దమ్మ ఆ పేరు ఒకసారి పైకి పలికింది. ఇస్త్రీ బల్ల మీదినుంచి దొరసాని తలెత్తి చూసి మళ్ళీ పడుకుంది.