డాక్టరమ్మ నన్నడిగిన మాట

ఏళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. ఆడింది నేను. నష్టపోయింది నా బామ్మర్ది దయాకర్. తిట్లు తింటున్నది ఏ పాపం ఎరగని మూడో మనిషి. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మందమర్రిలో మోటార్లు రిపేరు చేస్తాను. ఏది పాడైనా ఎందుకు పాడైందో తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు. అలాంటివాణ్ణి, ఆ రోజు ఒక్క ప్రశ్నకు నిజం ఎందుకు చెప్పలేకపోయాను?

దయాకర్‌కు అప్పుడే పెండ్లి కుదిరింది. ఒక పొద్దున నొప్పితో మెలికలు తిరుగుతుంటే బండి మీద దవాఖానకు తీసుకుపోయాను. వెనక కూర్చుని నా చెవిలో అన్నాడు: "బావా, నొప్పి కడుపుల కాదు. కింద, ఒకదిక్కు. ఎవ్వలకు చెప్పకు."

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. వాడు వాంతి వస్తుందని బయటికి పరుగెత్తాడు. అప్పుడామె నన్నడిగింది: "మగవాళ్లకు ఒక్కోసారి కింది నొప్పి కడుపులో తెలుస్తది. కింద నొప్పి, వాపు ఏమన్న ఉన్నదా?"

"లేదు మేడం. కడుపునొప్పే," అన్నాను.

ఎందుకన్నాను? ఆమె పక్కనే మా చర్చికి వచ్చే నర్సు నిలబడి ఉంది. ఆదివారం కల్లా పెండ్లి కుదిరిన అమ్మాయి వాళ్ల చెవిన పడుతుందని భయపడ్డాను. అది నిజమే. కానీ అదొక్కటేనా? ఆడమనిషి ముందు ఆ మాట ఎత్తడానికి నాకే సిగ్గేసిందా? వాడు ఎవ్వరికీ వద్దన్నాడు సరే, ఆ ఎవ్వరిలో డాక్టరు కూడా ఉంటుందని ఎట్లా అనుకున్నాను?

ఆమె ఇంజెక్షన్ ఇచ్చి, తగ్గకపోతే వెంటనే రమ్మంది. సాయంత్రానికి బాగా వాచింది. కరీంనగర్ తీసుకుపోయాం, స్కానింగ్ తీశారు. అప్పటికే ఆలస్యమైంది. ఎడమ వృషణం తీసేశారు. వృషణం. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది.

ఆపరేషన్ చేసిన డాక్టరును నేను వదల్లేదు. అదసలు ఎట్లా జరుగుతుందని అడిగాను. వృషణానికి నెత్తురు తెచ్చే నాళాలు తాడులా ఉంటాయట. ఆ తాడు మెలిపడితే, పైపు నలిగినట్టు నెత్తురు ఆగిపోతుంది. దెబ్బ తగలక్కర్లేదు, నిద్రలో కూడా జరగొచ్చు. నాలుగైదు గంటల్లో ఆపరేషన్ చేసి విప్పితే చాలాసార్లు దక్కుతుంది. రెండోది మెలిపడకుండా కుట్టామని, ఒక్కటున్నా పిల్లలు పుడతారని చెప్పాడు. అమ్మాయి వాళ్లకు అంతా తెలిసింది. పెండ్లి ఆగలేదు. మరి నేను దాచింది దేనికి?

పోయిన నెల దయాకర్‌కు రెండోవైపు నొప్పి వచ్చింది. ఈసారి నన్ను పిలవలేదు. నేరుగా పోయి, డాక్టరుకు తనే చెప్పి చూపించుకున్నాడు. ఇన్ఫెక్షన్ అన్నారు. మాత్రలు, విశ్రాంతి, ఆసరాగా బిగుతైన లోదుస్తులు చెప్పారు. తగ్గింది. ఆ తర్వాత మా ఇంటికి వచ్చి, నా భార్య ముందే అన్నాడు: "గా డాక్టరమ్మ గప్పుడు ఒక్క మాట అడిగితే చెప్పకపోతునా అక్కా? అడగనే అడగలే. బావ ఉన్నడు కాబట్టి బతికిన."

నా భార్య ఆ డాక్టరమ్మను నోరారా తిట్టింది. నేను ఈసారి స్కానింగ్‌లో ఏం కనిపించిందని వాణ్ణి అడిగాను. మాత్రలు ఇంకెన్ని రోజులని అడిగాను. ఏవేవో అడుగుతూనే ఉన్నాను.

ఆమె అడిగింది. సరిగ్గానే అడిగింది. నన్నే అడిగింది. ఈ మాట వాడికి ఇంకా చెప్పలేదు. ఇక్కడ రాయగలిగాను, అంతే. గుండె కాస్త తేలికైంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.