కూత పెట్టకుండ ఏసిన బాణం

నవ్వితె నవ్వుండ్రి. నమ్మకుంటె నమ్మకుండ్రి. గని నేను చూసిందే చెప్తున్న... అబద్ధమైతే గీ రెండు కండ్లు పోను. మా ఆయన గిట్లెందుకైండని అందరు అడుగుతరు గదా. ఇయ్యాల చెప్త. నడుమల ఎవ్వలు మాట్లాడకుండ్రి, మాట్లాడితె నాతోని చెప్పుడు కాదు.

మాది మంథని అవుతల, గుట్ట కింద మక్కజొన్న చేను. కంకి పాలు పట్టిందంటె చాలు, గుట్ట మీదికెంచి అడివి పందులు దిగుతయి. తిన్నదానికంటె తొక్కిందే ఎక్కువ. ఊర్లె కొందరు చేను చుట్టు కరెంటు తీగ పెట్టిండ్రు. మా ఆయన వద్దంటె వద్దన్నడు. పక్క ఊర్లె గట్లనే తీగ తాకి, నీళ్లు పెట్టపోయిన మనిషి సచ్చిపోయిండు. "తీగకు కండ్లుంటయా? పందో మనిషో దానికేమెరుక? బాణమైతే నేను చూసి ఏస్త" అన్నడు. గంత మంచోడు. గంత భయస్తుడు.

మా మామ చేసిన వెదురు విల్లు ఇంట్లుండె. ఎండకు వంకర పోయింది. ఇగ ఫోన్ల వీడియోలు మొదలువెట్టిండు. బువ్వ తినుకుంట వీడియోలే, పండుకుంట వీడియోలే. ఒకనాడు కరీంనగర్ పోయి ఆటల సామాన్ల దుకాణంల కొత్త విల్లు తెచ్చిండు. రెండు కొసలకు చక్రాలు.

"గింత పెద్దది నీతోని లాగుడైతదా?" అన్న.

"గట్టిది తీసుకుంటె చెయ్యి వణుకుతదే, గురి తప్పుతది. నా బలానికి సరిపోయేదే తెచ్చిన. బాణాలు గూడ నా చెయ్యి కొలిచి ఇచ్చిండ్రు" అని మురిసిండు.

ఇంక ఏమేమో తెచ్చిండు. నారి తాకి ముంజెయ్యి కమిలిపోకుండ తోలు పట్టీ. నారి సప్పుడు మింగనీకి రబ్బరు కుచ్చులు. అడుగు వినబడని మెత్తటి బూట్లు. మనిషి వాసన పోనీకి ఒక పొడి. ఆ పొడి పూసుకొని నా పక్కన కూసుంటె, "పందులు కాదయ్యా, నేనే పారిపోవాలె" అని నవ్విన. అన్నిట్ల ఆయనకు మస్తు నచ్చింది మాత్రం ఒక్కటే. బాణం తోకకు చిన్న ఎర్ర లైటు. నారి ఇడువంగనే దానంతటదే వెలుగుతది. చీకట్ల బాణం యాడ పడ్డదో దొరుకుతదని.

మా దిక్కు చేను కావలికి ఒక పద్ధతుంటది. మంచె మీదికెంచి రాయి ఇసిరినా, బాణం ఏసినా, ముందుగాల కూత పెట్టాలె. ఓ... హో... అని. పక్క చేనోడు తిరిగి కూత పెడ్తడు. కూత వచ్చిందంటె ఆ మనిషి మంచె మీదున్నట్టు. కింద చేన్ల లేనట్టు. గప్పుడే ఏయాలె. మా మామ కాలం నుంచి గంతే. మా పక్క చేను పోశన్నది. ఎన్నటికీ జవాబు తప్పినోడు కాదు.

గని వీడియోలల్ల సప్పుడు చేయొద్దంటరట. కొత్త విల్లు పట్టుకొని ఇద్దరం మంచె ఎక్కిన నాడు మా ఆయన కూత పెట్టలే.

"కూత పెట్టవా?" అన్న.

"కూతే పెడ్తె గీ సామానంత ఎందుకు తెచ్చినట్టు? పోశన్న మంచె మీదనే ఉంటడు. యాడికి పోతడు?" అన్నడు.

నేను గూడ నిజమే అనుకున్న.

అమాస దినాలు. గుట్ట యాడున్నదో, మొగులు యాడున్నదో తెలుస్తలేదు. మక్క ఆకు... సర సర. గాలి ఆగింది. ఆకు మాత్రం ఆగలే. ఒక్క సాలు ఎంబడే... సర... సర... మా దిక్కే. పటుక్కుమని కర్ర ఇరిగింది. మళ్ల నిమ్మలం. గుర్రు గుర్రుమని ఊపిరి తీసుకుంటున్న సప్పుడు. పందే. నాకు గూడ పందే అనిపిచ్చింది, ఉత్తగ చెప్తలేను. మా ఆయన విల్లు లాగిండు. ఇడిసిండు.

నారి సప్పుడే రాలే. ఎర్రటి గీత ఒకటి పోయింది... చేన్ల ఆగింది.

పందికి బాణం తాకితె గుట్టంత వినబడేటట్టు అరుస్తది. అరవలే. ఉరుకుతది. ఉరకలే. ఆ ఎర్ర లైటు ఆకుల నడుమ, మోకాలంత ఎత్తుల, అట్లనే ఉన్నది. మేము చూసుకుంట కూసున్నం.

గప్పుడు... లేచింది.

లైటు లేచింది. జర జర. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని ముసలోళ్లు లేస్తరు చూడు... గట్ల. నడుమంత ఎత్తుకు వచ్చింది. ఆగింది. మళ్ల లేచింది. మనిషి రొమ్మంత ఎత్తుల నిలబడ్డది. నిలబడి... ఊపిరి తీసుకుంటున్నట్టు కొద్దిగ ముందుకు, కొద్దిగ ఎనుకకు.

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నడు.

"మనిషే" అన్నడు. "సుజాతా... మనిషే."

గప్పుడు పెట్టిండు కూత. ఓ... హో... అని. గొంతు పగిలేటట్టు.

జవాబు లేదు. లైటు కదలలే.

మళ్ల పెట్టిండు. నేను దేవుండ్లందరిని యాది చేసుకున్న. జర సేపటికి... పోశన్న మంచె దిక్కు నుంచి... ఓ... హో...

అవ్వోడా! పాణం లేచి వచ్చింది. ఇద్దరం ఏడ్సినం. పోశన్న మంచె మీదున్నడు, ఇగ ఫికర్ లేదు అనుకున్నం. గా ఏడుపుల ఉండంగనే... మళ్ల వచ్చింది కూత. మేము పెట్టలే. అదే వచ్చింది. మెల్లగ, పొడుగ్గ. ఆ గొంతు పోశన్నది కాదు... మా ఆయన గొంతు లెక్కనే ఉన్నది. గుట్టకు తాకి మా కూతే తిరిగి వచ్చిందేమో... ఏమో. అందరు గదే అంటరు. గంత ఆలస్యంగ వస్తదా?

కూత ఆగంగనే లైటు ఆరిపోయింది.

ఆయన మంచె దిగిండు. వద్దని అంగీ పట్టుకున్న, చినిగింది. నేను గూడ దిగిన. బ్యాటరీ లైటు పట్టుకొని సాలు సాలు వెతికినం. ఒక జాగల మక్క కర్రలు పండబడి ఉన్నయి. నెత్తురు లేదు. బాణం లేదు. పంది అడుగు లేదు, మనిషి అడుగు లేదు. పోశన్న మంచె కాడికి ఉరికినం. మంచె మీద ఎవ్వలు లేరు.

తెల్లారక ముందే వాళ్ల ఇంటికి పోయినం. పోశన్న పెండ్లాం తలుపు తీసి, "నిన్నటి సంది జెరమొచ్చి పండుకున్నడు. చేనుకే పోలేదయ్యా, గట్ల వణుకుతున్నవేంది?" అన్నది. లోపట పోశన్న దగ్గుతుండు. పాణంతోనే ఉన్నడు. మా ఆయన గడప మీదనే కూలవడ్డడు.

మరి ఆ మంచె దిక్కు నుంచి కూత పెట్టిందెవరు? చేన్ల నిలబడ్డదెవరు?

ఊరంత వచ్చి వెతికిండ్రు. ఆయన తనంతట తానే ఠాణాకు పోయి, మనిషిని బాణంతోని కొట్టిన సారూ అన్నడు. శవమేది, తప్పిపోయిందెవరు అన్నరు. ఎవ్వలు తప్పిపోలే. ఇంటికి పంపిండ్రు. పంట కోసినంక చేను అరచెయ్యి లెక్క ఖాళీ అయింది. బాణం గప్పుడు గూడ దొరకలే. "చూడు, ఏం లేదు గదా, పందే తీస్కపోయింది" అన్న. ఆయన నా మొఖం చూసి, "అడిగేటోళ్లు లేని మనిషైతే?" అన్నడు.

గంతే. ఆ మాట నుంచి బయటికి రాలే. పొద్దుగాల లేస్తడు, ఊరూరు తిరుగుతడు. ఇంటింటికి పోయి, "మీ ఇంట్ల ఎవలన్న తిరిగి రాలేదా?" అని అడుగుతడు. తలుపులు ఏసుకుంటరు. ఒక ఊర్లె పిల్లలను ఎత్కపోయేటోడని కొట్టి పంపిండ్రు. మూతి పగిలి ఇంటికి వచ్చిండు. మర్నాడు మళ్ల పోయిండు.

అది పందో, మనిషో, ఇంకేమన్ననో... నాకెరుక లేదు. ఒకనాడు పందే అనుకుంట. ఒకనాడు ఆ లైటు ఊపిరి తీసుకున్నది యాదికొస్తది, అన్నం మింగుడు పడదు.

మతి కుదురుతదని అందరు చెప్పంగ కొండగట్టు గుడికి తీస్కపోయిన. కొన్ని దినాలు ఆడనే నిద్ర చేసినం. ఆయన మెట్ల కాడ కూసోని వచ్చేపోయేటోళ్లను అదే అడుగుడు. నేను స్వామి ముందట చేతులు జోడిచ్చి నిలబడ్డ. ఏం మొక్కాలె? ఎవ్వలు సావలే అని చూపెట్టు స్వామీ అందామంటె, లేనిదాన్ని దేవుడు గూడ ఎట్ల చూపెడ్తడు? ఇగ... చెప్పరాదు గని చెప్తున్న. ఎవలో ఒక ఆడిది ఏడ్సుకుంట మా వాకిట్లకు రావాలె, నా మొగడు ఇంటికి రాలేదనాలె అని మొక్కిన. గప్పుడన్న గీయన తిరుగుడు ఆగుతదని.

మొక్కి బయటికొచ్చి మెట్ల కాడ ఆయన పక్కన కూసున్న. ఆ మొక్కు వాపస్ తీసుకుందామని మళ్ల లోపటికి పోలే.