కచ్చికతో తోమిన పళ్ళు

మొన్న గుంటూరులో మా మనవరాలి దగ్గర పళ్ళు శుభ్రం చేయించుకున్నాను. పళ్ళ డాక్టరు కదా, నా దంతాల వెనక గట్టిపడ్డ గారను గీకి చూపిస్తూ, ఎంత పాతకాలపు మనిషైనా సరే, ఏం తిన్నాడో ఈ గారలో దాగి ఉంటుంది తాతయ్యా అంది. నోరు తెరుచుకుని పడుకున్నవాణ్ణి, అలాగే బిగుసుకుపోయాను.

నాకింకా పెళ్ళికాని రోజుల్లో, దర్శి అవతల మిరపచేల మధ్య మేము రాకాసి గూళ్ళని పిలుచుకునే పాత రాతి సమాధులను తవ్వించడానికి ఒక పెద్దసారు వస్తే, ఆయన దగ్గర కూలికి చేరాను. నా శ్రద్ధ చూసి తట్టలు మోసే పని మాన్పించి చేతికి కుంచె ఇచ్చారు. ఆ వారంలోనే ఒక దవడ బయటపడింది. ఆడమనిషిదట.

సారు నన్ను నోరు తెరవమన్నారు. మా నీళ్ళ మహిమ, మా ఊళ్ళో అందరి పళ్ళమీదా చిన్నప్పుడే గోధుమరంగు చారలు పడతాయి. ఆ దవడ పళ్ళకు గార కట్టిందే గాని చారలు లేవు. "నువ్విక్కడివాడివేనయ్యా, ఈవిడ మాత్రం ఎక్కడో పెరిగి వచ్చింది" అని మురిసిపోయారు. కొత్తపట్నం వైపు సముద్రపు ఒడ్డు నుంచా, పడమటి కొండల నుంచా అన్నది పట్నం పంపి పరీక్ష చేయిస్తే తేలుతుందట. మట్టి మాత్రం దులుపు, ఇంకేమీ చెయ్యకు అని చెప్పి, దవడను పొదిగి పంపడానికి దూది కోసం దర్శి వెళ్ళారు.

నాకు బుద్ధుంటేగా! పాచిముఖంతో గడప దాటితే మా అమ్మ ఊరుకునేది కాదు. అంత దూరం పట్నం వెళ్ళే ఆడకూతురు గారపళ్ళతో వెళ్ళడమేమిటని, పిడక కాల్చిన కచ్చిక నూరి, వేపపుల్ల నమిలి, ఒక్కో పన్నూ తళతళలాడేదాకా తోమాను. సారు వచ్చి దవడను చేతిలోకి తీసుకుని చూశారు. "తోమావా నాయనా" అని మాత్రం అని, భుజం తట్టి వెళ్ళిపోయారు. మెచ్చుకున్నారనుకున్నాను. పెళ్ళిచూపుల్లో కూడా ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను, సిగ్గులేకుండా.

చేపలు తిని పెరిగిందో, కొండ సామలు తిని పెరిగిందో, ఆవిడ దారి చెప్పగలిగిన ఒక్క సాక్ష్యాన్నీ ఈ చేతులతోనే కడిగేశాను. సారు నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు క్షమించమని ఎవర్ని అడగను?

ఆ రాళ్ళూ ఇప్పుడు లేవు, చేను చదును చేసేశారు. ఊళ్ళో ఇంటింటా క్యాను నీళ్ళే, పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. సంతోషమే, కానీ రేపెవరైనా తవ్వి చూస్తే వీళ్ళు మా ఊరివాళ్ళని ఎలా పోల్చుకుంటారు? ఈ చారలు కూడా తీసేయనా తాతయ్యా అని మనవరాలు అడిగింది. వద్దమ్మా అన్నాను. ఆవిడ ఊరు నేను తోమేశాను, నా ఊరైనా ఉండనీ.