అంగుళం ఎత్తు

కాజీపేటలో రైలు వ్యాగన్లు బాగుచేసి రిటైరైన సారంగపాణి ఏ బండిని చూసినా ముందు వంగి దాని అడుగు చూస్తాడు. సొంత పాత మారుతి కారు కింద మాత్రం తంబాకు డబ్బీ నిలబెట్టి ఎత్తు కొలుస్తాడు. స్ప్రింగులు కుంగిపోయి, వీధి చివరి స్పీడ్‌బ్రేకర్‌కు దాని కడుపు గీసుకునేది. అక్కడికి రాగానే భార్య సమ్మమ్మతో "జర దిగు" అనేవాడు. అరుగుల మీది ఆడవాళ్లు చూస్తుండగా ఆమె దిగి, నాలుగడుగులు నడిచి, మళ్లీ ఎక్కేది. ఎండాకాలం వచ్చేసరికి ఆమె కారెక్కడమే మానేసింది, ఎక్కడికైనా ఆటోలోనే పోయేది. అతను కారణం అడగలేదు. నైలాన్ దిమ్మెను రంపంతో కోసి, ఆకురాయితో రుద్ది, నాలుగు బిళ్లలు చేసి స్ప్రింగుల మీద బిగించి, కారును అంగుళం ఎత్తు లేపాడు. ముందు చక్రాలు లాగే బండి, అంతకు మించి లేపితే యాక్సిల్ తట్టుకోదని అక్కడితో ఆపాడు.

ఆదివారం పొద్దున ఎలాగో ఆమెను ఎక్కించాడు. స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఆమె చెయ్యి అలవాటుగా తలుపు మీదికి పోయింది.

"దిగకు, కూసో."

కారు చప్పుడు లేకుండా దాటింది. సమ్మమ్మ తల తిప్పి అరుగుల వైపు చూసింది. ఎవరూ లేరు.

"పొద్దూకినంక అందరు కూసుంటరు గదా," అంది, "అప్పుడు మల్లోపారి దాటుదాం."