నూట ఎనభై బొమ్మలు, ఒక్క మాట

పోయిన వారం కొండాపూర్ ఇంటి అవ్వ పోయింది. ఆ కబురు నాకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. ఆమె కొడుకు మా ఆఫీసుకు ఫోన్ చేశాడట. ఫోన్ల దగ్గర కూర్చునే అమ్మాయి "పాత ఓనరు గారి అమ్మగారు చనిపోయారు" అని ఒక చీటీ రాసి నా బల్ల మీద పెట్టింది. దాని మీద ఎవరో ఫైలు పడేశారు. ఫైలు తీసి చూసేసరికి దహనం అయిపోయింది, మూడోనాడు ముద్ద వండి పిట్టకు పెట్టడం కూడా అయిపోయింది.

ఆమెకు నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. తప్పయింది అవ్వా, అని. రెండే రెండు మాటలు. ఏడాదిన్నర పాటు రోజూ పొద్దున ఆమె గడప ముందు నుంచే నడిచి వెళ్లాను. చెప్పలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. పోయినవాళ్లను తలుచుకునేటప్పుడు వాళ్ల మంచిని చెప్పుకోవాలంటారు. చెబుతాను. కానీ ఆమె మంచి చెప్పాలంటే నా చెడ్డ కూడా చెప్పుకోక తప్పదు.

తొంభై ఏడు ఎండాకాలంలో మేం నలుగురం పని చేసుకోవడానికి చోటు వెతుక్కుంటున్నాం. నేనూ, కంప్యూటరు సంగతి చూసే శ్రీధరూ, మరో ఇద్దరు బొమ్మలు గీసేవాళ్లూ. పిల్లల కోసం కదిలే బొమ్మల చిత్రాలు తీయాలని మా పిచ్చి. అప్పటిదాకా అమీర్‌పేటలో ఒక ట్యూషన్ సెంటరు పక్క గదిలో మోకాళ్లు తగిలేలా కూర్చుని గీసేవాళ్లం. మాకు పొడవాటి హాలు కావాలి, ఉత్తరం వైపు కిటికీలు కావాలి. ఉత్తరం వెలుతురులో ఎండ నేరుగా కాగితం మీద పడదు, కళ్లు అలిసిపోవు. "ఉత్తరం కిటికీ ఉందాండీ?" అని అడిగితే ప్రతి ఓనరూ మాకు వాస్తు పిచ్చి అనుకునేవాడు.

చందానగర్ బజారులో స్టీలు సామాన్ల కొట్టు పైన ఒక హాలు చూశాం. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ముగ్గురు మగపిల్లలతో నువ్వొక్కదానివేనామ్మా? మీ ఇంట్లో తెలుసా?" అన్నాడు. నాది తెనాలి, నోరు కాస్త పెద్దది. ఏమన్నానో ఇక్కడ రాయను. హాలు మాత్రం దక్కలేదు. నానక్‌రామ్‌గూడలో ఒకాయన ఇస్తానని, బొమ్మలంటే సినిమావాళ్లని ఎవరో చెబితే భయపడి మాట మార్చుకున్నాడు. నెలన్నర తిరిగాం. మాకు బొంబాయి నుంచి వచ్చిన మొదటి పని చేతిలో ఉంది, కూర్చుని చేయడానికి జాగా లేదు.

అప్పటి కొండాపూర్ అంటే బండరాళ్లు, సర్కారు తుమ్మ, ఎప్పుడొస్తుందో తెలియని బస్సు. మాదాపూర్ వైపు గుండ్రటి పెద్ద భవనం లేస్తోంది, దాని దుమ్ము మా దాకా వచ్చేది. ఊరి చివర ఒక ఇంటి మీద, జొన్నలు ఆరబోసుకునే డాబాకు గోడలు లేపి రేకులు వేసిన హాలు ఉంది. కొడుకు ఇవ్వాలా వద్దా అని నసుగుతుంటే, కింద వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తున్న అవ్వ తలెత్తింది.

"ఏందిరా గంత సోంచాయిస్తున్నవు? ఆడపిల్ల ఉన్నది గద, ఇయ్యి" అంది. "ఆడపిల్ల ఉన్న జాగల మొగోళ్లు సక్కగుంటరు."

చందానగర్‌లో హాలు దక్కకపోవడానికి నేనే కారణమయ్యాను. ఆమె ఇవ్వడానికీ నేనే కారణం. ఆ క్షణంలో ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది. "చాలా థాంక్సండీ, మీ మేలు మరిచిపోమండీ" అన్నాను. ఆమె కిసుక్కున నవ్వింది. "మీ ఆంధ్రోళ్లు కుక్కను గూడ అండీ అంటరా ఏంది? అవ్వా అను, చాలు."

ఒకే ఒక షరతు పెట్టింది. పొద్దున హాలు ఊడ్చేది తనే. వేరే మనిషిని పెట్టుకోవద్దు. మేం మొహమాటపడ్డాం. డెబ్బై ఏళ్ల మనిషి చేత ఊడిపించుకోవడమేమిటి? ఆమె వినలేదు. "జాగ ఎవ్వలది గాదు బిడ్డా. ఎవ్వలు ఊడిస్తే వాళ్లది" అంది. ఆ ఇంటి చుట్టూ వాళ్లకు ఒకప్పుడు పొలం ఉండేదట. ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు పాతి ఉన్నాయి, వాటి మీద ఎవరెవరి పేర్లో రాసి ఉన్నాయి. ఆమెకు ఊడ్చుకోవడానికి మిగిలింది వాకిలీ, ఈ హాలూ.

మేం వచ్చేసరికి నేల అద్దంలా ఉండేది. మా కింద పడిన పెన్సిలు చెక్కు కూడా ఉండేది కాదు. కానీ బల్ల మీదివి తాకేది కాదు. ఊడ్చాక చీపురు తలుపు వెనక నిలబెట్టి, ఒక పక్కగా గొంతుకు కూర్చుని మేం గీసేది చూసేది. అద్దం కింద లైటు పెట్టుకుని దాని మీద కాగితం పరిచి గీస్తాం మేము. దానికి ఆమె పెట్టిన పేరు దీపం బల్ల. కంప్యూటరు ఆమెకు డబ్బా. "డబ్బకు అన్నం దినిపిచ్చిన్రా?" అని శ్రీధర్‌ని రోజూ ఏడిపించేది. నాకు జలుబు చేస్తే మిరియాల చారు పైకి తెచ్చి, తాగేదాకా కదిలేది కాదు. మా అమ్మ కూడా నన్నంత గద్దించలేదు.

ఒక్క సంగతి ఆమెకు అంతుపట్టేది కాదు. నేనెందుకు ఒకటే బొమ్మ మళ్లీ మళ్లీ గీస్తున్నాను? ఒకసారి అడిగింది కూడా. "ఇవన్నీ ఒకటి కాదవ్వా, చెయ్యి కొంచెం కొంచెం జరుగుతుంది చూడండి" అన్నాను, తలెత్తకుండా. "ఔనా" అంది. ఇంకో రెండు నిమిషాలు ఆగి కాగితాలు ఆడించి చూపిస్తే సరిపోయేది. నాకు ఆ రెండు నిమిషాలు లేకపోయాయి.

బొంబాయి వాళ్ల చిత్రంలో ఒక ముసలామె మేకపిల్ల వెనక పరిగెత్తాలి. పదిహేను సెకన్ల పరుగు, నూట ఎనభై బొమ్మలు. మూడు వారాలు గీశాను. సోమవారం స్కానరు వస్తుంది, అన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలి, పది రోజుల్లో పంపాలి. శుక్రవారం సాయంత్రం వాటిని వరసగా నేల మీద పేర్చి, మూలల్లో వేసిన అంకెలు సరిచూసుకుని, అలాగే వదిలేసి వెళ్లాను. బల్ల మీద పెట్టి ఉంటే ఆమె తాకేది కాదు. ఆ బుద్ధి నాకు ఇప్పుడు వస్తోంది.

ఆ ఆదివారం ఊళ్లో బోనాలు. బోనాలకు ముందు ఇల్లు కడిగి సున్నం వేస్తారు. అవ్వ శనివారం నాడు కింది ఇంటితో పాటు మా హాలుకు కూడా సున్నం వేయించింది. మేం అడగలేదు, మాకు సంతోషం చేద్దామనుకుంది. వేయించే ముందు నేల మీది కాగితాలు ఏరింది. సోమవారం నేను తలుపు తీసేసరికి గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. ఉత్తరం గోడకు గంజితో అతికించిన ఒకే ఒక్క బొమ్మ ఉంది. మిగిలిన నూట డెబ్బై తొమ్మిదీ లేవు.

అవ్వ నా వెనకే వచ్చి నిలబడింది. మొహం వెలిగిపోతోంది. "పాపం, ఎన్నిసార్లు గీస్తివో బిడ్డా! గిదొక్కటి మస్తు కుదిరింది. తప్పినవి ఎవ్వలన్న జూస్తే నీకు నామోషీ అని నీళ్లపొయ్యిల వెట్టిన" అంది.

తప్పిపోయిన బొమ్మలు నలుగురి కంటా పడి నా పరువు పోకూడదని కాల్చేసింది. అప్పుడు నాకు కళ్లు కనపడలేదు. "చదువూ సంధ్యా లేని మనుషుల ఇంట్లో చేరాను చూడండి, నాకు బుద్ధి లేదు! మూల మీద అంకె వేసి ఉంది, అంకె కూడా తెలియదా మీకు? ఇంకెప్పుడూ మీరు పైకి రావద్దు. చీపురూ వద్దు, ఏమీ వద్దు. రావద్దంతే!" అన్నాను. శ్రీధర్ నా చెయ్యి పట్టుకుని లాగాడు. విదిలించుకున్నాను.

ఆమె చీపురు తీసుకుని కిందికి వెళ్లిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని మా నాయనమ్మ లక్షసార్లు చెప్పింది. లక్షసార్లు విన్నాను.

ఆ రాత్రి శ్రీధర్ కిందికి వెళ్లి, అవన్నీ వేరు వేరు బొమ్మలనీ, వరసగా ఆడిస్తే ముసలామె పరిగెడుతుందనీ ఆమెకు విడమరిచి చెప్పాడట. మర్నాడు పొద్దున వాకిట్లోంచి పిలుపు వినపడింది. కిటికీలోంచి చూస్తే అవ్వ కింద నిలబడి ఉంది.

"బిడ్డా, బొమ్మల ముసలామె ఉరుకుతది గద? నేను ఉరుకుత. సూసి గియ్యి, జల్ది అయితది."

నేను వద్దనలేదు. ఇది మాత్రం నిజం చెప్పాలి. వద్దంటే పోయేది. కానీ నా చేతిలో తొమ్మిది రోజులే ఉన్నాయి, నా కోపం ఇంకా చల్లారలేదు. ఆమె చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తింది. మళ్లీ వెనక్కి నడిచి, మళ్లీ పరిగెత్తింది. "మల్ల ఉరుకన్నా?" అని కేకేసేది. నేను కిటికీ దగ్గర అట్ట మీద కాగితం పెట్టుకుని తల ఊపేదాన్ని. ఆషాఢం ముసురు, వాకిలంతా చిత్తడి. రెండో రోజు జారి మోకాలి మీద పడింది. నేను లేచి నిలబడ్డాను. నిలబడ్డానే గానీ కిందికి దిగలేదు. పెన్సిలు ఆగలేదు. ఆ పడడం కూడా గీశాను.

చిత్రం అనుకున్న రోజుకే వెళ్లింది. కాల్చిన బొమ్మల కన్నా ఇవి నాలుగింతలు బాగున్నాయి. ముసలామె పరుగులో ఆ మోకాళ్ల బరువు, ఆయాసానికి ఊగే భుజం, అవన్నీ ఊహించి గీస్తే రావు. జారిపడే చోట పిల్లలు పగలబడి నవ్వారని బొంబాయి వాళ్లు ఉత్తరం రాశారు. ఆ పదిహేను సెకన్లు చూసే మాకు తర్వాతి పనులన్నీ వచ్చాయి. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకోనిచ్చాను.

అవ్వ మోకాలు వాచింది. పసర్ల వైద్యుడు కట్టు కట్టాడు, ఆ తర్వాత నుంచి ఒక కాలు ఈడ్చేది. పైకి రావడం మానేసింది. హాలు మేమే వంతులవారీగా ఊడ్చుకున్నాం, ఎప్పుడూ మూలల్లో దుమ్ము ఉండేది. పాపం మోకాలు నొప్పి, మెట్లు ఎక్కలేకపోతోంది అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది. ఆ చిత్రం కంప్యూటరులోనే ఉంది, ఆమె పరుగు ఆమెకు చూపించాలని శ్రీధర్ రెండు మూడుసార్లు అన్నాడు. కాలు నయం కానీ, అన్నాను. కింద కనపడితే మాత్రం మాట్లాడుకునేవాళ్లం. "బువ్వ దిన్నవా బిడ్డా?" అని ఆమె, "తిన్నానవ్వా" అని నేను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. దాంతో నాకు ధైర్యం చిక్కింది. మరిచిపోయిందిలే, మళ్లీ కెలకడం ఎందుకు అనుకున్నాను.

తర్వాత ఆ గుండ్రటి భవనం తెరిచారు. రోడ్లు పడ్డాయి, కార్లొచ్చాయి. మాకూ పెద్ద పనులు వచ్చి, చల్లటి గాలి మిషన్లు, నేలకు తివాచీ ఉన్న కొత్త ఆఫీసుకు మారాం. మారి ఆరు నెలలైంది. ఆటో ఎక్కితే పావుగంట దూరం. ఒక్కసారి కూడా వెళ్లలేదు.

చీటీ చూసిన రోజున వెళ్లాను. కొడుకు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాడు. "మిమ్మల్ని మస్తు యాది చేస్తుండె. బొమ్మల పిల్ల మంచిగున్నదా అని అడుగుతుండె" అన్నాడు. నేనొకసారి అవ్వను ఒక మాట అన్నానని నోరు తెరవబోయాను. "ఏమన్నరు మేడం? మా అవ్వ మీ గురించి ఎన్నడు ఒక్క మాట గూడ చెడ్డగ చెప్పలే" అన్నాడు. కన్నకొడుక్కి కూడా చెప్పుకోలేదు. నేను తిరిగి నోరు మూసుకున్నాను. ఆమెకు చెప్పాల్సినది ఆయనకు చెప్పి బరువు దింపుకోవడం న్యాయం కాదనిపించింది. బహుశా ఇప్పుడూ భయపడ్డానేమో.

ఇంటికి వస్తుంటే మేం ఖాళీ చేసిన రోజు గుర్తొచ్చింది. ఇంతకాలం దాన్ని గుర్తు చేసుకోకుండా తప్పించుకుంటున్నాను. ఆ రోజు సామాను వ్యాను ముందు వెళ్లిపోయింది. నేను ఆటోలో కూర్చుని తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. కళ్లు తుడుచుకుంటుంది, జాగ్రత్తలు చెబుతుంది అనుకున్నాను. ఆమె తాళంచెవి కొంగున ముడివేసుకుంది. తప్పు చేసిన పిల్లలా మెల్లగా అడిగింది.

"బిడ్డా, ఇగ నేను పైకి వోవచ్చునా?"

ఏడాదిన్నర. మోకాలి నొప్పి కాదు. నేను రావద్దన్నాను, ఆమె రాలేదు. తన సొంత ఇంట్లో.

"అయ్యో, మీ ఇల్లే కదండీ" అన్నాను. అవ్వా అనాలని కూడా తోచలేదు. ఆటో కదిలింది. మలుపు దగ్గర వెనక్కి చూశాను. అవ్వ ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చెయ్యి మోకాలికి ఆనించి, మొదటి మెట్టు మీద పాదం పెడుతోంది.