బోర్లించిన గ్లాసు

రాజోలులో మా శారోన్ చేసే ఉద్యోగమేమిటో వీధిలో సగంమందికి తెలీదు. ఇంట్లోనే కూర్చుని ఒక హైదరాబాదు కంపెనీకి కంపైలర్ పని చేస్తుంది. మనుషులు రాసిన ప్రోగ్రాములను యంత్రానికి అర్థమయ్యేలా మార్చేదే కంపైలర్. ప్రోగ్రాములో పది పనులు ఒకేసారి నడిచేటప్పుడు, ఒకటి చేసిన మార్పులు మిగతావాటికి ఏ వరసలో కనబడాలి? రాసినవాడు ఏమీ చెప్పకపోతే వరస గట్టిగా పాటించాలా, వేగం కోసం వదిలేయాలా? వదిలేద్దామని శారోన్ వాదన. వరస కావలసినవాడు అడిగి రాసుకుంటాడు కదా అంటుంది. పిల్లకి తొందరెక్కువ లెండి.

ఆ ఇంట్లోనూ ఒక వరస ఉంది. తండ్రి ఏసుదాసు మాస్టారికి షుగరు, పైగా మతిమరుపు. భోజనానికి ముందు ఇన్సులిన్ చెయ్యాలి. తల్లి సరోజినమ్మకి చెవుడొచ్చాక కేకేసి లాభం లేకపోయింది. అందుకని శారోన్ ఇంజక్షన్ చేసి, వంటింటి కిటికీలో స్టీలు గ్లాసు బోర్లిస్తుంది. అది చూసి తల్లి వడ్డిస్తుంది.

మొన్నామధ్య మీటింగుకి టైమైపోతోందని శారోన్ గ్లాసు ముందే బోర్లించింది. ఎలాగూ చేసేదే కదా అనుకుంది. సూది తియ్యబోతుంటే ఫోను మోగింది. గంటసేపు, వరస అక్కర్లేదనే వాదించింది. ఆ వాదనలో పడి ఇంజక్షన్ సంగతే మరిచిపోయింది. ఎంత చదువు చదివితే ఏం లాభం! ఈలోగా సరోజినమ్మ గ్లాసు చూసి పనసపొట్టు కూరతో వడ్డించింది. మాస్టారు శుభ్రంగా తిన్నారు. సాయంత్రానికి మంచానికి అంటుకుపోయారు. షుగరు నాలుగువందలు దాటింది. ఆటోలో అమలాపురం తీసుకెళ్లారు. దేవుడి దయవల్ల గండం గడిచింది.

ఆసుపత్రి బల్ల మీద సరోజినమ్మ ఒకటే ఏడుపు. "నాదే తప్పు తల్లీ. ఓసారొచ్చి నిన్ను అడగాల్సింది."

శారోన్ గుండె చెరువైపోయింది. తల్లి చెవి దగ్గర నోరు పెట్టి, "నీ తప్పేం లేదమ్మా. గ్లాసు చూసి వడ్డించమన్నది నేనే. చెయ్యకుండా చేసినట్టు చెప్పిందీ నేనే," అంది.

మర్నాటి మీటింగులో తన ప్రతిపాదన తనే వెనక్కి తీసుకుంది. ఏమీ చెప్పనివాడికి గట్టి వరసే ఇద్దాం, తొందరున్నవాడే అడిగి రాసుకుంటాడు అంది. కారణమేమిటన్నారు.

"అడగాలని తెలియనివాళ్లు మనల్నే నమ్ముకుని ఉంటారండీ."

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. గ్లాసు బోర్లించి ఉన్నా సరోజినమ్మ గరిటె పట్టుకుని గదిలోకొచ్చి, చేసేవా అని అడిగేది. శారోన్ ఖాళీ సూది చూపించేది. అలా పదకొండు రోజులు. రోజూ మనసు చివుక్కుమనేది. అయినా ఒక్కనాడూ విసుక్కోలేదు.

పన్నెండో రోజు ఇంజక్షన్ చేసి, గ్లాసు బోర్లించి, చూపించడానికి సూది పట్టుకుని నిలబడింది. సరోజినమ్మ కిటికీ వైపు చూసింది. గదిలోకి రాలేదు. కంచం తీసి అన్నం వడ్డించింది. శారోన్ సూది పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చేసింది.